వెండెల్ తల ఊపిన పాట

ఆ మధ్యాహ్నం కచేరీతో బాంజో మానేస్తాడట నా తమ్ముడు వెండెల్. మానేసేవాడు సొంత అక్కకు చెప్పి ఏడవొచ్చుగా! నాకు చెప్పలేదు. మా గిటారు కార్బిన్‌కు చెప్పాడు, ఆఖరి పాట అయ్యాక మైకులో ప్రకటించమని. కార్బిన్ నోట్లో నువ్వుగింజ నానదు. వేదిక వెనక నేను మొక్కజొన్న రొట్టె తింటుంటే వచ్చి మొత్తం చెప్పేశాడు.

ఏప్రిల్లో రంపం మిల్లులో వెండెల్ కుడిచేతి మధ్యవేలు నలిగింది. గాయం మానింది గానీ వేలు వంగదు. మూడు వేళ్లకు లోహపు గోళ్లు తొడుక్కుని, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు వాయించేవాడు. సగం జనం దానికోసమే వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ చచ్చిన వేలికి కూడా గోరు తొడుక్కునే వస్తున్నాడు, జనంలో ఎవరికీ తెలియకూడదని.

మాది నలుగురి బృందం. మా వర్జీనియా కొండల్లో అమ్మమ్మ పాడిన పాటల్నే, బ్లూగ్రాస్ అని ఇక్కడి తీగవాద్యాల పరుగు సంగీతం, ఆ వేగంతో ఎత్తుకుంటాం. మధ్యలో పాట దారి వదిలేసి ఎక్కడెక్కడో తిరిగి, పది నిమిషాలకు ఇల్లు చేరతాం. "ఇది బ్లూగ్రాసా, పిచ్చా?" అని ముసలాళ్లు తిడతారు. తిట్టి, మళ్లీ ముందు వరసలోనే కుర్చీలేసుకుంటారు. నలుగురికీ ఒకటే మైకు. వంతు వచ్చినవాళ్లు ముందుకు జరగాలి, మిగతావాళ్లు వెనక్కి తగ్గాలి. వంతు వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే చాలు, పక్కవాళ్లు అందుకుంటారు.

ఆ రోజు మొదటి పాట నుంచీ వెండెల్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మాండొలిన్ వాయించే బ్రిజిడ్, పాపం, వాడి వంతులన్నీ నెత్తిన వేసుకుంది. వెనక నిలబడి మనిషెత్తు బేస్ వాయించే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఖరి పాట అమ్మమ్మదే. వాడి వంతు వచ్చింది. మళ్లీ తల ఊపాడు. బ్రిజిడ్ కదలబోయింది.

నేను బేస్ ఆపేశాను.

బేస్ ఆగితే పాటకు కాళ్లు విరిగినట్టే. కార్బిన్ చెయ్యి ఆగింది, బ్రిజిడ్ ఉన్నచోటే నిలబడిపోయింది. రెండొందలమంది చూస్తుండగా మైకు ముందు ఎవరూ లేరు.

"ఏంటక్కా ఇది?" అన్నాడు వెండెల్ పళ్లు కొరుకుతూ.

"నీ వంతురా. వెళ్లు."

"వేలు వంగదని తెలుసుగా!"

"మన తాత బాంజో ఎన్ని వేళ్లతో వాయించేవాడురా? రెండేగా?"

"అది పాతకాలం వాయింపు. నవ్వుతారు."

"నవ్వనీ. ఒక్కొక్కణ్ణీ ఈ బేస్ పెట్టి బాదుతాను. నువ్వు ముందు కదులు!"

నన్ను మింగేసేలా చూశాడు. మధ్యవేలి గోరు పీకి జేబులో పడేసుకుని మైకు దగ్గరకు వెళ్లాడు.

నెమ్మదిగా మొదలుపెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, అంతే. స్వరానికీ స్వరానికీ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో అమ్మమ్మ పాట మాటలు లేకుండానే స్పష్టంగా వినిపించింది. ఇన్నేళ్లూ వేగం కింద మేమే తొక్కేసిన పాట. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మెల్లగా బేస్ అందుకున్నాను.

వంతు అయిపోయింది. బ్రిజిడ్ ముందుకొచ్చింది. వెండెల్ జరగలేదు. రెండోసారి వాయించాడు, మూడోసారీ వాయించాడు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి, "అబ్బాయ్, ఆ పిల్లకీ కాస్త చోటివ్వవయ్యా!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. వెండెల్ కూడా నవ్వాడు గానీ జరగలేదు.

చప్పట్లు మోగుతుండగా నా దగ్గరకొచ్చాడు.

"ఎందుకు ఆపావక్కా?"

"చెయ్యి జారింది."

"ముప్పయ్యేళ్లలో ఎన్నడూ జారలేదే!"

"ఇవాళ జారింది. కేసు పెట్టుకో పో."

అంతలో కార్బిన్ మైకు ముందుకెళ్లి గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, మా వెండెల్ గురించి మీకొక మాట చెప్పాలి..."

వెండెల్ ఒక్క అంగలో వెళ్లి వాణ్ని భుజంతో పక్కకు నెట్టాడు.

"ఆ మాటేంటంటే, వెండెల్ ఇంకో పాట వాయిస్తాడు. కాస్త నెమ్మదిగా."