మూడో స్థానం వాచీ

మా హైస్కూలు ఈ మే నెలతో మూతపడుతోంది. వచ్చే ఏడాది నుంచి పిల్లలు పద్దెనిమిది మైళ్ల అవతల ఉన్న ఊరి స్కూలుకి బస్సులో వెళ్తారు. చివరి వార్షిక సంచికలో ఆటల చరిత్ర రాసే పని ప్రిన్సిపాల్ నాకు అప్పగించాడు. నేను లెక్కల టీచర్ని, ఆటగాణ్ణి కాను. కానీ పదమూడేళ్లుగా ట్రాక్ మీట్లలో, అంటే పరుగుపందేల్లో, టైమర్‌గా నిలబడ్డాను. ఆ కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఫిబ్రవరిలో నా భార్య ప్రమోద పోయింది. చేతిలో ఏదో ఒక పని ఉంటే నాకు మంచిదని కూడా ప్రిన్సిపాల్ అనుకుని ఉంటాడు.

ప్రమోద ఇక్కడి కౌంటీ ఆసుపత్రిలో డాక్టరు. ఆమె ఉద్యోగం కోసమే 1972లో సౌత్ డకోటా వచ్చాం.

రాయడం సులువుగానే సాగింది. 1911లో ఒక రైతు గోధుమ పొలంలో నాలుగెకరాలు దున్నకుండా వదిలేస్తే కుర్రాళ్లు అందులో బేస్‌బాల్ ఆడారు. 1920ల్లో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ టీము ఉండేది. తర్వాత ఎవరో పెద్దలు వద్దన్నారు, నలభై ఏళ్లకు పైగా మళ్లీ లేదు. జిమ్ పైకప్పు ఊరివాళ్లే వేసుకున్నారు. 1975లో ఆడపిల్లల ట్రాక్ టీము మొదలైంది. చివర్న రికార్డుల పట్టిక టైపు చేస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయాను. బాలికల ఎనిమిది వందల మీటర్లు: నళిని, 1981, రెండు నిమిషాల ఇరవై ఆరు సెకన్ల మీద ఒక పదో వంతు.

నళిని మా అమ్మాయి.

ఆ ఏడు జిల్లా మీట్ మా ఊళ్లోనే జరిగింది. మొదటి ఇద్దరూ స్టేట్ మీట్‌కి వెళ్తారు. మూడో అమ్మాయి సరిగ్గా రెండు నిమిషాల ఇరవై ఆరు సెకన్లలో గానీ, అంతకన్నా ముందు గానీ వస్తే ఆమె కూడా వెళ్తుంది. మొదటి స్థానానికి మూడు స్టాప్‌వాచీలు పెట్టేవారు. మూడో స్థానానికి ఒకటే. ఆ రోజు అది నా చేతిలో ఉంది. మూడో స్థానంలో ఎవరొస్తారో ముందుగా ఎవరికి తెలుసు?

రేసుకి ముందు పక్క ఊరి కోచ్ కంచె మీద మోచేతులు ఆనించి, నలుగురికీ వినపడేలా అన్నాడు. "ఏంటి మిస్టర్ శేషూ, కూతురు ట్రాక్ మీద, వాచీ నాన్న చేతిలో. మా పిల్లల్ని బస్సెక్కించెయ్యనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను మంచివాడే, అందరితోనూ అలాగే మాట్లాడతాడు.

ఎదురుగాలి. పొలాల మీంచి దుమ్ము వస్తోంది. నళిని మూడోదిగా వచ్చింది. బటన్ నొక్కి చూశాను. ముల్లు సరిగ్గా ఇరవై ఆరు గీత మీద ఉంది. ముల్లు రెండు గీతల మధ్య ఉంటే పై అంకె రాయాలన్నది నియమం. ఇది మధ్యలో లేదు. గీత మీదే ఉంది. నేను పై అంకె రాశాను. హెడ్ టైమర్ వచ్చి చూసేదాకా వాచీని సున్నాకి తేకూడదన్నది ఇంకో నియమం. దాన్ని నేనే కొత్త టైమర్లకి నేర్పేవాణ్ణి. ఆయన నాలుగడుగుల దూరంలో ఉండగా నా బొటనవేలు బటన్ నొక్కేసింది. ముల్లు సున్నాకి వెళ్లిపోయింది. నా మాట మీద నమ్మకంతో ఆయన ఏమీ అడగలేదు.

నళిని స్టేట్ మీట్‌కి వెళ్లలేదు.

ఈ ఏడు మార్చి నెలాఖర్లో, శనివారం, నళిని తల్లి చీరలు సర్దడానికి మినియాపోలిస్ నుంచి వచ్చింది. ఇప్పుడు ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక టైపు చేసిన పట్టిక ఆమె ముందు పెట్టాను.

"వావ్, ఇంకా నాదేనా రికార్డు? ఏడేళ్లలో ఎవ్వరూ బ్రేక్ చెయ్యలేదా? పాపం, ఏం స్కూల్ నాన్నా ఇది."

"ఆ అంకె తప్పు నళినీ."

జరిగింది చెప్పాను. గీత గురించి, బటన్ గురించి, కంచె దగ్గర మాట గురించి. వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాను. ఆమె చేతిలో చీర సగం మడతలో ఉండిపోయింది.

"ఆ రోజు కార్లో నాతో ఏం చెప్పావో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

"మొదటి రౌండ్ మెల్లిగా పరిగెత్తావన్నాను."

"నేను నమ్మాను." నా వైపు తిరిగి అడిగింది. "అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడిగింది. ముల్లు ఎక్కడుందండీ అని అడిగింది. గీత దాటిందన్నాను."

నళిని చీర మడత పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. ఇంకోటి తీసింది.

"యూనివర్సిటీ టీమ్‌కి ట్రై చెయ్యమని అమ్మ నాతో వారం రోజులు ఫైట్ చేసింది. నేనే నోరు మూయించాను. నాన్న మ్యాథ్స్ టీచర్, ఆయన చూసిందే కరెక్ట్, నేను అంత గుడ్ కాదు, వదిలెయ్ అన్నాను. వదిలేసింది."

ఈ సంగతి నాకు తెలియదు. ఆ వారం వాళ్లిద్దరూ ముభావంగా ఉండడం చూశాను. పరీక్షల గురించి అనుకున్నాను.

"పట్టిక ఇంకా ప్రెస్‌కి వెళ్లలేదు. ఇరవై ఆరు అని మారుస్తాను. ఎందుకు మార్చానో కింద రాస్తాను, నా పేరుతో."

"వద్దు."

"అది నీది, నళినీ."

"ఇప్పుడు మారిస్తే నీకు బాగుంటుంది నాన్నా. నాకు ఏం మారుతుంది? స్కూలే ఉండదు. ఆ రోజు ఏది రాశావో అదే ఉంచు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. పట్టిక తీసి నా వైపు జరిపింది. పచ్చ అంచు చీర ఒకటి తను తీసుకెళ్తానంది. తీసుకెళ్లమన్నాను.

సోమవారం ఆ పట్టికను అలాగే ప్రెస్‌కి పంపాను. అందులో ఒక అంకె తప్పని ఇప్పుడు ఇద్దరికి తెలుసు. తెలియాల్సిన మూడో మనిషి లేదు. ఆమె అడిగినప్పుడు ఒక్క మాట నిజం చెప్పి ఉంటే సరిపోయేది. తిట్టేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, తర్వాత ఆ పక్క ఊరి కోచ్ ఇంటికే వెళ్లి ఏం చెయ్యాలో కనుక్కుని వచ్చేది. ఆమె అలాంటి మనిషి. స్టేట్ మీట్‌కి ముందు ఆ వారంలో అందుకు సమయం కూడా ఉంది.

నళిని ఎప్పుడు వచ్చినా ఆదివారం భోజనం చేసి బయలుదేరేది. ఈసారి, నేను పట్టిక పంపడానికి ముందు రోజు, పొద్దున్నే వెళ్లిపోయింది. ఐదు గంటల ప్రయాణం. తను ఇల్లు చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం ఎప్పుడూ ప్రమోద పని. మూడింటి దాకా చూసి నేనే చేశాను.

"చేరాను నాన్నా," అంది.

"సరే అమ్మా," అన్నాను.

ఇద్దరం కాసేపు అలాగే లైన్లో ఉన్నాం. తనే ముందు ఫోన్ పెట్టేసింది.