అత్తగారి చేతిలో లైను

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో కడిగిన గిన్నెలు బోర్లించి ఉంటాయి. కొడుకు బస్సు డ్రైవరు, చీకటితోనే డ్యూటీకి వెళ్ళిపోతాడు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలోవాళ్ళు తెచ్చిన మూగబోయిన ఫోన్లు బాగుచేస్తూ కూర్చుంటుంది.

బాగుచేయడమంటే విప్పి చూడడం కాదండోయ్. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అన్నేళ్ళు జనం మాటల మధ్య చేతులు పెట్టేసరికి, మాటలు ఆవిడ ఒంట్లోంచే దారి చేసుకున్నాయి. తెగిన తీగ కొసలు చెరో చేత్తో పట్టుకుంటే చాలు, ఇటు మాట అటు పోతుంది. పోతూ పోతూ ఆవిడ చెవినీ పడుతుంది. భగవంతుడు ఒకరికి గొంతిస్తాడు, ఒకరికి రూపమిస్తాడు, ఈవిడకి ఇదిచ్చాడు. కరెంటు పోతే కొవ్వొత్తి వెతుక్కున్నట్టు, లైను పోతే వీధి వీధంతా ఈవిడ దగ్గరికే వచ్చేది.

ఆ రోజు మాత్రం అవసరం ఇంట్లోనే పడింది. కోడలు ఒక ప్రెస్సులో పుస్తకాల పేజీలు కూర్చే పని చేసేది. ఎనిమిది నెలల కిందట ప్రెస్సు మూతపడితే, యజమాని ఆమె వాడిన ల్యాప్‌టాప్ ఆమెనే ఉంచుకోమన్నాడు. అప్పట్నుంచి ఎన్ని అర్జీలు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఇన్నాళ్ళకి ఒక ప్రచురణ సంస్థ పిలిచింది. పదకొండింటికి తెర మీదే పరీక్ష, తెర మీదే మాటలు. నెగ్గితే ఇంట్లో కూర్చునే ఉద్యోగం. వేళకి కనిపించకపోతే జాబితాలో తర్వాతివాళ్ళని పిలుస్తారు.

పది దాటింది. కొత్తగా పెట్టించిన నెట్టు ఫోన్లలో పరుగెడుతోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం సిగ్నలు గీతలన్నీ నిండుగా ఉండి, కింద 'ఇంటర్నెట్ లేదు' అని వస్తోంది. పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టుంది వ్యవహారం. కోడలు పాస్‌వర్డు నాలుగుసార్లు కొట్టింది. ఫోన్లోంచి నెట్టు ఇచ్చి చూసింది, అదీ అంతే. మొగుడు బస్సు ఆగినచోటి నుంచి ఫోన్ చేసి అంతా ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. ఆపి పెట్టడానికి ఇక నువ్వొక్కడివే మిగిలావని ఫోన్ పెట్టేసింది.

పక్కింటాయన వచ్చాడు. ఆయన్ని అందరూ అన్నీతెలుసు బాబాయి అంటారు. గాలిలో వచ్చేదాన్ని నమ్మకూడదని తేల్చి, ముందు వైఫై పెట్టెని బీరువా మీదికెక్కించి, ఆనక ఇంటికెళ్ళి ఒక కేబులు పట్టుకొచ్చాడు. దాని ఒక కొసకి ప్లగ్గు ఉంది, రెండో కొస బోడిది.

"తల లేని తీగ తెచ్చావేం తమ్ముడూ" అంది అత్తగారు.

"తలతో పనేముందక్కయ్యా, మీరున్నారుగా."

ప్లగ్గు పెట్టెలో దిగింది. అత్తగారు బోడి కొస ఎడమచేత పట్టి, కుడిచేతి వేలు ల్యాప్‌టాప్ తీగ రంధ్రానికి ఆనించి కళ్ళు మూసుకుంది. 

"పిలుపు బాగానే వెళ్తోందమ్మాయ్. ఈ ల్యాప్‌టాపే తన నంబరు తప్పు చెబుతోంది. చివర ఇరవయ్యేడు అంటోంది. ఆ నంబరు మన పెట్టె ఇచ్చింది కాదు."

కోడలు గుర్తుపట్టింది. ఇరవయ్యేడు ప్రెస్సులో తన బల్ల మీద అంటించిన నంబరు. అక్కడ ఒక్కో యంత్రానికీ ఒక్కో చిరునామా మేకు కొట్టినట్టు బిగించేవారు. ప్రెస్సు పోయినా ఈ పిచ్చిది ఇంకా ఆ బల్ల మీదే ఉన్నాననుకుంటోంది. గబగబా సెట్టింగుల్లోకి వెళ్ళి, తీగకున్న చిరునామా చెరిపేసి, పెట్టె ఇచ్చిందే తీసుకొమ్మని నొక్కింది. తెర వెలిగింది. పదకొండుకి రెండు నిమిషాలు. వైఫైకి విడిగా బిగించిన చిరునామా సరిచేసే వ్యవధి లేదు.

"నేను పట్టుకుంటా, నువ్వు కానీయ్" అంది అత్తగారు.

అవతల ఒక పెద్దాయన, ఒక ఎడిటరమ్మ. మొదట్లో బొమ్మ రెండుసార్లు బిగుసుకుపోయింది, అత్తగారు పట్టు సవరించుకుంది. చిందరవందరగా ఉన్న పేజీలు ఇచ్చి ఇరవై నిమిషాలన్నారు. కోడలు పద్నాలుగు నిమిషాల్లో కూర్చి పెట్టేసి, వాళ్ళ అధ్యాయాల వరస తప్పిందని కూడా చూపించింది. చూసి చెబుతామన్నారు. బొమ్మ పోయింది.

కోడలు తీగ తీయబోతే అత్తగారు తల అడ్డంగా ఊపింది. "అవతలివాళ్ళు ఇంకా లైను పెట్టెయ్యలేదు." కాసేపు విని, గొంతు తగ్గించింది. "పని బంగారం అంటోంది ఆవిడ. ఆయన మాత్రం లైను నిలవని ఇంటికి పుస్తకాలెలా పంపుతాం, తర్వాతివాళ్ళని పిలవమంటున్నాడు."

కోడలు ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

వినండి మరి. ముప్పై ఒక్క ఏళ్ళలో పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, మొగుడూ పెళ్ళాల పోట్లాటలు ఎన్నో ఆవిడ చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్కదానికీ 'అయ్యో' అని కూడా అనలేదు. పరాయి మాటలో నోరు పెట్టడం ఆ ఉద్యోగంలో మహాపాపం. అత్తగారు కోడలి చేతులకేసి చూసింది. పైవాణ్ణి క్షమించమంది. ఆనక డ్యూటీ గొంతుతో, చల్లగా, స్పష్టంగా అంది:

"నమస్కారం. లైను నా చేతిలో ఉంది. ఆ అమ్మాయి పని చేసినంతకాలం ఉంటుంది. మాట్లాడండి."

 తెర మళ్ళీ వెలిగింది. ఆ గొంతు ఎవరిదని పెద్దాయన అడగలేదు. కళ్ళజోడు సర్దుకుని, సోమవారం నుంచి చేరగలరా అని మాత్రం అడిగాడు.

"చేరతానండీ" అంది కోడలు.

ఆ మాట అత్తగారి కుడిచేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా ఎడమచేతిలోకి దిగి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో అంత బరువైన మాట అంత తేలిగ్గా తనలోంచి పోయింది లేదని, సాయంత్రం దాకా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి మరీ చెప్పింది ఆవిడ.