నాలుగో బల్బు

ఇరవై ఆరేళ్ళుగా నిచ్చెన ఎక్కి దిగుతున్నాను. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. అయినా ఎవరింట్లో దీపం ఆరిపోయినా నా ఫోనే మోగుతుంది. ఈమధ్య అందరిదీ ఒకటే పాట: పాత హాలోజెన్ బల్బులు పీకెయ్యి, ఎల్‌ఈడీలు పెట్టు, కరెంటు కలిసొస్తుంది. పీకుతున్నాను, పెడుతున్నాను. రోజుకు నాలుగిళ్ళు, ఇంటికి పదేసి బల్బులు. మెడ వెనక్కి వంచి కప్పుల్ని చూసీ చూసీ, సాయంత్రమయ్యేసరికి మనుషుల మొహాలు చూడాలన్నా విసుగొస్తుంది. అలాంటి ఒక సాయంత్రమే మా అక్క గదిలో బల్బులు మార్చాను.

అక్కది రఫూ పని. కోటుకో శాలువాకో చిరుగు పడితే, అదే రంగు దారం వెతికి పట్టుకుని, చిరిగినచోటు ఎవరికీ తెలియకుండా పోగు పోగూ అల్లి పూడుస్తుంది. అల్లిక సగం పనే, మిగతా సగం రంగు కుదర్చడం. మనం గోధుమరంగు అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని ఆవిడ పదిహేడు డబ్బాల్లో సర్దుకుంది. ఆ గదికి పేరుకో కిటికీ ఉంది గానీ, పక్కింటి గోడ దాన్ని ఆనుకునే నిలబడింది. అందుకని చాలా ఏళ్ళ కిందట నేనే కప్పుకు వరసగా నాలుగు స్పాట్‌లైట్లు బిగించాను. మూడు పనిబల్ల మీదికి, నాలుగోది తలుపు పైనున్న అటక మీదికి. అన్నీ హాలోజెన్లే.

వాటితో వచ్చిన బాధల్లా వేడి.

"నెత్తి మాడిపోతోందిరా," అంది అక్క ఎండాకాలం మొదట్లో. "చెమటచుక్క జనాల బట్టల మీద పడకుండా చూసుకోడమే ఒక పనైపోయింది."

బావ వంత పాడాడు. బావ ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు ఆగకుండా ప్రయాణం చేసి ఎక్కడికీ పోనివాణ్ణి నేనొక్కణ్ణేనని తన మీద తనే జోకులేసుకుంటాడు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి చాలాకాలమైంది.

"ఏమోయ్ నిచ్చెనా," అన్నాడు, "ఊళ్ళోవాళ్ళందరికీ చల్లటి దీపాలు పెడతావు, మీ అక్కను మాత్రం పెనం మీద కూర్చోబెట్టావేం?"

ఆ రోజు ఒక ఆఫీసులో పని ముగించి వచ్చాను. అక్కడ మిగిలిన బల్బులు సంచిలోనే ఉన్నాయి. తెల్లగా, ధాటిగా వెలిగే చవక రకం. రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే మంచి రకం కూడా దొరుకుతుంది, దానికి కొట్టుదాకా వెళ్ళాలి. కొట్టు రెండు వీధుల అవతల. నడవబుద్ధి కాలేదు. సంచిలో ఉన్నవే పెట్టేశాను.

నాలుగూ మార్చి స్విచ్చి వేస్తే అన్నీ రెపరెపలాడాయి. కప్పులో ఉన్నది ఈ బల్బులకు కరెంటు తగ్గించి ఇచ్చే పాత ట్రాన్స్‌ఫార్మర్. కొత్త బల్బులు వాడుకునే కొద్దిపాటి కరెంటు దానికి ఆనదు. దాన్ని మార్చాలంటే కప్పు విప్పాలి. మా పనివాళ్ళ దగ్గర దీనికో చిట్కా ఉంది. వరసలో ఒక్క పాత బల్బు వదిలేస్తే మిగిలినవన్నీ కుదురుగా వెలుగుతాయి. తలుపు దగ్గర పాతదే మళ్ళీ బిగించి చేతులు దులుపుకున్నాను.

అక్క కొత్త వెలుతురులో అరచేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఆస్పత్రిలో కూర్చున్నట్టుందిరా."

"నాలుగు రోజులు పోతే అలవాటవుతుందిలే," అన్నాను.

రెండు నెలలకు స్విచ్చి బోర్డు బాగుచేయడానికి మళ్ళీ వెళ్తే, అక్క ఒళ్ళో ఒక కోటు పెట్టుకుని దిగాలుగా కూర్చుంది. వక్కరంగు కోటు, ఎవరో స్కూలు మాస్టారిది. మోచేతి దగ్గర రఫూ చేసి ఇస్తే మర్నాడే తిరిగొచ్చింది. ఆయన కోప్పడలేదట. ఎండలో నిలబడితే కాస్త తెలుస్తోందండీ, అని మాత్రం అన్నాడట. ఆ మర్యాదే అక్కను ఎక్కువ బాధపెట్టింది.

"మూడోదిరా ఇలా రావడం. ఇక్కడ రెండూ ఒకటే రంగు. వీధిలోకి పట్టుకెళ్తే నేను వేసింది ఎర్రగా మచ్చలా ఉంది." తల పైకెత్తి బల్బుల వంక చూసింది. "ఈ లైట్ల వల్ల కాదు కదా?"

నాకు చురుక్కుమంది. పొద్దుటినుంచి నాలుగిళ్ళలో నాలుగు రకాల సణుగుడు విని వచ్చాను. అక్క కూడా నా పనికి వంక పెడుతుందా అనిపించింది.

"లైట్లేం చేశాయక్కా? ముందుకంటే రెట్టింపు వెలుతురొస్తోంది. పెరిగింది నీ వయసు. వెళ్ళి కళ్ళు చూపించుకో," అన్నాను నవ్వుతూ. అక్క కూడా నవ్వింది. ఇంకేం అడగలేదు.

మరో నెలకు బావ ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఒకసారి వచ్చి వెళ్ళవోయ్. మీ అక్క డబ్బాలన్నీ అటకెక్కించెయ్యమంటోంది. నా నడుము ఒప్పుకోదు."

మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్ళాను. దారాల డబ్బాలు తాళ్ళతో కట్టి తలుపు దగ్గర పేర్చి ఉన్నాయి. ఊడ్చినట్టున్న బల్ల ముందు అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని లేకుండా ఆ చేతుల్ని నేను ఎప్పుడూ చూడలేదు.

"డాక్టరు కళ్ళకేం లేదన్నాడు," అంది. "వయసుతో రంగులు కాస్త తేడాగా కనబడతాయిలెమ్మని అద్దాలు మార్చాడు. అయినా అంతే. పరువుండగానే మానేస్తే మంచిదిరా. మాస్టారి కోటు ఒక్కటే ఉండిపోయింది, ఆయనకు చెప్పి పంపాను."

గోడకు ఆ కోటు వేలాడుతోంది. అలసటగా ఉంది, తొందరగా ఎక్కించి పోదామనే ఉంది. బావ ఒక్కొక్కటీ అందిస్తుంటే నిచ్చెన మీద నిలబడి అటకలోకి తోస్తున్నాను.

పదకొండో డబ్బాకు తాడు వదులైంది. మూత జారి ఒక అట్టముక్క నా చేతిలో పడింది. అక్క పద్ధతి ఒకటుంది. బట్ట లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, దానికి తను కుదిర్చిన దారాన్ని పక్కనే ఉంచి, రెండూ కలిపి అట్టముక్కకు చుడుతుంది. ఇది మాస్టారి కోటుది. ఎడమపక్క పోగు వక్కరంగు. కుడిపక్కది ఇటుకరంగు. నాలాంటివాడికి కూడా ఇట్టే తెలిసిపోతోంది.

ఇంత తేడా అక్క చూడలేకపోయిందా అనుకుని జాలిపడ్డాను. బల్ల దగ్గర చూపిద్దామని కిందికి దిగాను. బల్ల మీద పెడితే రెండూ ఒకటే రంగు.

మళ్ళీ నిచ్చెనెక్కాను. నాలుగో బల్బు, ఆ పాతదాని కింద రెండు రంగులు. మళ్ళీ దిగాను. నా మూడు బల్బుల కింద ఒకటే రంగు.

"ఏమోయ్, నా పాత ఉద్యోగం నువ్వు చేస్తున్నావేం?" అన్నాడు బావ.

నిజం చెప్తున్నాను, మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. మాట్లాడకుండా డబ్బాలు ఎక్కించేసి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. వారం పోయాక ఏదో వంకతో వచ్చి బల్బులు మారుస్తాను, కొత్త కళ్ళజోడు కుదిరిందనుకుని అక్క మళ్ళీ మొదలుపెడుతుంది. నా పరువూ దక్కుతుంది. కానీ ఆ వారమంతా అక్క ఇలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అది నావల్ల కాలేదు.

"అక్కా, ఇలా రా," అన్నాను.

తలుపు దగ్గర నిలబెట్టి, అట్టముక్క పైకెత్తి చూపించాను. తర్వాత బల్ల దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడే నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళింది.

"నీ కళ్ళకేం కాలేదు," అన్నాను. "నేను పెట్టిన బల్బులు మంచివి కావు. వాటి కింద రంగులు సరిగ్గా తెలియవు. సంచిలో ఉన్నాయని పెట్టేశాను. నువ్వు అడిగినప్పుడు కూడా చూడకుండానే నోరు పారేసుకున్నాను."

బావ జోకేస్తాడేమోనని ఆశపడ్డాను. వెయ్యలేదు. తిడుతుందేమోనని అక్క వంక చూశాను. తిట్టలేదు. అట్టముక్క మీది దారాన్ని బొటనవేలితో రాస్తూ నిలబడింది.

"నాకు అనుమానం వచ్చిందిరా," అంది. "నువ్వు కాదన్నావు కదా. వెలుతురు సంగతి నీకంటే నాకు తెలుసా అని ఊరుకున్నాను."



అక్క కుర్చీ లాక్కొచ్చి తలుపుకు అడ్డంగా, నాలుగో బల్బు కింద వేసుకుంది. గోడ మీది కోటు తీసి, మోచేతి దగ్గర తను అల్లిన పోగుల్ని సూదిమొనతో ఒక్కొక్కటే విప్పసాగింది. బావ వెళ్ళి గోధుమరంగు డబ్బాల తాళ్ళు విప్పుతున్నాడు.

"మంచి రకం బల్బులు తెస్తాను, వేడి కూడా ఉండదు," అన్నాను.

కాళ్ళు పక్కకు జరిపి దారిచ్చింది. "పొద్దుటినుంచి తిరుగుతున్నావు. మెల్లగానే వెళ్ళు," అంది తల ఎత్తకుండా.

కొట్టు రెండు వీధుల అవతలే. నా మోకాళ్ళతో నడిచినా ఏడు నిమిషాలే పట్టింది.