కూర్చున్న చోటికే సిగరెట్టు

మా ఆయన శ్రీశైలంకు కాళ్ళు లేవనుకునేరు. ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకున్నాక మాత్రం ఆయన నడక మా అమ్మాయి హరిత నడవాలి. సిగరెట్టు కావాలంటే గల్లీ చివర హనీఫా దుకాణానికి దాన్నే పంపుతారు. వద్దని నేననడం, విననట్టు ఆయన పేపరు తిప్పడం మాకు అలవాటే.

ఒకరోజు హరిత ఒట్టి చేతులతో వచ్చింది.

"పద్దెనిమిదేండ్లు నిండనోళ్లకు అమ్మొద్దని చట్టమంట. హనీఫా చాచి ఇయ్యనన్నది. ఇంక నాలుగేండ్లు ఆగు, బాపు."

ఆగేవారేమో. కానీ ఎదురింటి లింగస్వామి కూడా అదే వేళకు కుర్చీ వేస్తాడు. కొడుకు దశరథ్ ఉరుక్కుంటూ పోయి ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెడతాడు. ఆ ఇంటివాళ్ళు కారు కొన్నప్పుడు కూడా మా ఆయన ఇంతగా కుళ్ళుకోలేదు. పొగ వదులుతూ లింగస్వామి తనను చూసి నవ్వాడని ఫిర్యాదు. అతనిది నవ్వు మొహమే అంటే వినరు.

"గా పోరనికి మీసమే రాలే. వానికెట్ల ఇస్తది? మనమంటే గంత అలుసా?"

"వానికి పందొమ్మిది. మనమే జర ముందుగల పెండ్లి చేసుకోవాల్సుండె," అన్నాను.

మర్నాడు హనీఫాతో కొట్లాటకు బయలుదేరారు. ఇంట్లో జీలకర్ర అయిపోయిందని నాకు అప్పుడే గుర్తొచ్చి వెనకే వెళ్ళాను.

దుకాణం పక్క సందులో దశరథ్, తండ్రి ప్యాకెట్టులోంచి ఒకటి వెలిగించి నిలబడ్డాడు. మమ్మల్ని చూసి చెయ్యి వెనక్కి పెట్టాడు. "నమస్తే, కాకా" అంటే మాటతోపాటు పొగా వచ్చింది.

మా ఆయన ముఖంలో ముందు కనిపించింది సంతోషమే, అబద్ధమెందుకు.

హనీఫా గల్లా మీంచి తల ఎత్తలేదు. "మూడో తరగతి సంది నాయినకని వస్తున్నడు, భాయ్. నేను గూడ ఇచ్చుకుంట వచ్చిన. వానికి ఎప్పుడు అలవాటైందో ఎవ్వలకు తెల్వదు. ఇప్పుడు వానికి ఇయ్యనందామంటే కానూన్ లేదు. మీ బిడ్డకైతే ఉంది."

"మా పిల్ల గిట్ల ఏమన్న...?"

"లేదు. మొన్న ప్యాకెట్టు వాసన చూసి అడిగింది. దీంట్ల ఏముంటది చాచీ, బాపు గింత ఇష్టపడతడు, అని."

తిరిగి వస్తుంటే లింగస్వామి వాకిట్లోంచి పలకరించినా వినిపించుకోలేదు. హరిత లెక్కలు చేసుకుంటుంటే గడప దగ్గర ఆగారు.

"నిన్ను దుకాణానికి పంపుడు తప్పు, బిడ్డా. మీ అమ్మ చెప్తనే ఉండె. తప్పు నాదే."