ఫౌస్తినో అనలేని మాట

ఫౌస్తినో నిమ్మచెక్కతో అరచేతులు రుద్దుతూనే ఉన్నాడు. ఏళ్ల తరబడి ఉల్లిపాయల షెడ్డులో పనిచేసిన చేతులు. గోళ్ల కింద పచ్చటి గీత, బొటనవేలి మీద పాత కత్తిగాటు. వాసన పోదు.

"ఇప్పుడు ఉల్లీ నిమ్మా రెండూ వాసన కొడుతున్నావు నాన్నా," అంది కూతురు నయేలి.

చనిపోయిన తల్లి కుట్టిన పువ్వుల గుడ్డలో, మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెలు మూటగట్టి, తల్లిలాగే రెండు ముళ్లు వేసింది. టీచరు దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లరు.

"వద్దు అంటావుగా?" మళ్లీ అడిగింది.

"అంటానమ్మడూ."

తల్లి జబ్బులో పిల్ల బడి సగం పోయింది. ఇంకో ఏడాది మూడో తరగతిలోనే ఉంచుదామంటోంది టీచరు. తండ్రి ఒప్పుకోకపోతే ఉంచరు. ఒప్పుకుంటే స్నేహితులంతా పైకి వెళ్తారు, నయేలి చిన్నపిల్లల మధ్య మిగులుతుంది.

బళ్లో చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. టీచరు మిస్ లింగ్రెన్ మూట తీసుకోలేదు. బడి నియమమట. అతని చెవులు ఎర్రబడ్డాయి. వచ్చీరాని స్పానిష్‌లో ఆమె ఓపికగానే అంతా చెప్పింది.

"మీరు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను. చెప్పండి."

ఓహాకాలో, అతను వదిలొచ్చిన ఊళ్లో, తండ్రి పిల్లను బడి గుమ్మంలో దింపి, ఇక మీ బిడ్డేనని టోపీ తీసేవాడు. పంతులమ్మకు ఎదురుచెప్పినవాణ్ణి మనిషిగా చూసేవారు కాదు. గోడకానుకుని నయేలి అతని నోరే చూస్తోంది.

"మీకు తెలియనిదా టీచరమ్మా. మీరెలా అంటే అలా."

 అతను పోట్లాడినా బాగుండుననుకుంది టీచరు. ఈ తండ్రికి పట్టదనుకుని సంతకం చోటు చూపించింది. అతను మర్యాద నిలబెట్టాననుకుని సంతకం పెట్టాడు.

దారిలో నయేలి చెయ్యి ఇవ్వలేదు.

సాయంత్రం ఫ్రెస్నో నుంచి పిన్ని చోలే కారు వచ్చింది. అక్క పోయినప్పటినుంచి పిల్లను తనతో పంపమంటోంది. ఇన్నాళ్లూ వెళ్లనన్నది పిల్లే. ఈసారి ఫోను చేసి రమ్మన్నదీ పిల్లే.

"అక్కడైతే నాకోసం పిన్ని మాట్లాడుతుంది," అంది. కోపంగా కూడా అనలేదు. బట్టల సంచీ తనే మోసుకుంది.

ఫౌస్తినో గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలోనే ఉంది.

"వద్దు," అన్నాడు.

అప్పటికి కారు మలుపు తిరిగింది.

లోపల బల్ల మీద పువ్వుల గుడ్డ మూట చల్లారిపోయి ఉంది, రెండు ముళ్లూ బిగిసి.