కార్తీకంలో చూసిన ఊరు

మూతి విరిగిన కూజాను నేను. విరిగిన చోట వేలు పెట్టి చూస్తే ఇప్పటికీ గరుకుగా తగులుతుంది. ఆ గరుకు వెనుక ఒక పెద్దమనిషి చేసిన చిన్న పని ఉంది. ఆయన ఏళ్ల తరబడి రోజూ నాకు నీళ్లు పోసిన మనిషి కాబట్టి ఆయన మీద చాడీలు చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ పని సంగతి దాచేస్తే చెప్పుకోవడానికి నాకు కథే మిగలదు.

నేను పుట్టింది అనంతపురం వైపు, తెల్లగుండ్లపల్లె అనే ఊళ్లో. ఎటు చూసినా గుండ్లే. ఇల్లంత గుండు, ఏనుగంత గుండు, గుండు మీద గుండు. వాటి మధ్య మిగిలిన కాస్త నేలలో వేరుశనగ వేస్తారు. అక్కడ చెరువు నిండేది ఎప్పుడో గానీ ఎండేది మాత్రం ఏటా. చెరువు ఎండితేనే కుమ్మరికి మన్ను దొరుకుతుంది. అంటే ఊరంతా ఆకాశాన్ని చూసి తిట్టుకునే రోజుల్లోనే నాలాంటివాళ్లం పుడతాం. ఆ సంగతి తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది. కుమ్మరి నాగప్ప ఆ మన్నులో సన్నని ఇసుక కలిపి తొక్కి, సారె మీద నాకు పొట్ట చేసి, మెడ లాగి, ఆవంలో కాల్చాడు. నా ఒంట్లోంచి నీళ్లు సన్నగా చెమర్చి ఆరిపోతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. చెమట పట్టడమే నా ఉద్యోగం.

నన్ను కొన్నది పేరిందేవి. ఆమె ఆ ఊరి కోడలు. పుట్టిల్లు తెనాలిలో, కాలువ గట్టు పక్కన. పెరటి తలుపు తీస్తే నీళ్లలో కాళ్లు పెట్టుకుని పెరిగిన పిల్లను, వేరుశనగ నూనె వ్యాపారం మీద తెనాలి వచ్చిపోయే ఓబుళయ్యకు ఇచ్చి చేశారు. పెళ్లయి చాలా ఏళ్లు గడిచాక ఒకసారి పుట్టింటికి వెళుతూ, తమ్ముడికి ఇవ్వడానికి నన్ను తీసుకుంది. తడి గోనెపట్టాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సు దిగి రైలెక్కి, ఎవరి కాలైనా తగులుతుందేమోనని దారి పొడవునా రెండు చేతులూ నా చుట్టూ వేసుకునే కూర్చుంది. అంత ముద్దుగా నన్ను మళ్లీ ఎవరూ మోయలేదు.

తమ్ముడు సీతాపతి తెనాలిలో హైస్కూలు సైన్సు మాస్టారు. భార్య హైమవతి. పేరిందేవి నన్ను వాళ్ల వసారాలో దించి, మెట్టినింటి మాట ఎంత అబ్బిందో తనకే తెలియకుండా ఇలా అంది.

"మా ఊళ్లో నీళ్లు తక్కువే గానీ నాయనా, ఉండేవాటిని చల్లగా చేసుకునేది మాకు తెలుసు. ఈ ఎండాకాలం వచ్చిపో, ఏం?"

"తప్పకుండా అక్కా. లేకపోతే దసరా సెలవులకి వస్తాం, హాయిగా ఉంటుంది."

"దసరాకు వద్దు. ఎండాకాలమే రావల్ల."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్క ముఖం చూడకుండా నన్నే పరీక్షగా చూశారు. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడే నన్ను బడికి తీసుకెళ్లి, బల్ల మీద పెట్టి, బాష్పీభవనం పాఠం చెప్పారు. ఏటా చెప్పేవారు. నన్ను చూపించి పాఠం చెప్పినంత శ్రద్ధగా, నన్నిచ్చిన మనిషి ఊరికి వెళ్లడానికి మాత్రం ఆయనకు తీరేది కాదు. అలాగని ప్రయాణం అనుకోకపోవడం లేదు. ఉగాది వెళ్లగానే అక్క ఫోను వచ్చేది, ఆ సాయంత్రమే ఇంట్లో సన్నాహాలు మొదలయ్యేవి. హైమవతి సబ్జా గింజలు ఎండబెట్టేది, గొడుగుల ఊచలు బాగుచేయించేది, వడదెబ్బ తగలకుండా జేబులో పెట్టుకోవడానికి చిన్న ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టేది. ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి, పొద్దెక్కక ముందే బస్సు అందుతుందా అని ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఇక వెళ్లడమే తరువాయి అనుకునే వేళకు మాస్టారు పేపరు పైకెత్తి చదివేవారు.

"అనంతపురం నలభై రెండు. చూశావా హైమా? రాళ్ల మధ్య నలభై రెండంటే మాటలా!"

అదే పేజీలో తెనాలిలో నలభై నాలుగని ఉండేది. ఆ వరుస ఆయన చదివేవారు కాదు. ఒక ఏడు పేపర్లు దిద్దే పని, ఒక ఏడు మోకాలి నొప్పి, ఒక ఏడు పక్కింటివాళ్ల గృహప్రవేశం. ఏరిపెట్టిన ఉల్లిపాయలు పులుసులోకి వెళ్లిపోయేవి. అక్క పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆ గడప తొక్కలేదు.

తర్వాత ఆయన రిటైరయ్యారు. సాకులన్నీ ఉద్యోగంతోపాటే పోయాయి. ఆ వేసవికి హైమవతి తానే వెళ్లి రైలు టిక్కెట్లు తెచ్చింది. బయలుదేరే రోజు ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. పెట్టె, మజ్జిగ సీసా, గొడుగులు వసారాలో ఉన్నాయి. దారిలో తాగడానికి నా నిండా నీళ్లు పోసి, మెడకు తాడు కట్టారు. హైమవతి పెరటి తలుపు గడియ వేయడానికి లోపలికి వెళ్లింది.

మాస్టారు నన్ను పట్టుకుని గడప దగ్గర నిలబడ్డారు. వెనక్కి ఒకసారి చూశారు. తర్వాత నా మూతిని గుమ్మానికి కొట్టారు. గట్టిగా కాదు, బడిలో పిల్లవాడి నెత్తిన మొట్టికాయ వేసినంత. నాగప్ప కాల్చిన మట్టి అంత తేలిగ్గా విరుగుతుందా? ఇంకో దెబ్బ వేయాల్సి వచ్చింది.

"అయ్యో, ఏమైందండీ?" అంటూ హైమవతి పరుగెత్తుకొచ్చింది. గడపంతా నీళ్లు.

"చెయ్యి జారింది. అపశకునం హైమా. ఇవాళ వద్దు."

ఆమె నోరు తెరిచి ఆయన వైపే చూసింది. "పిల్లి ఎదురొచ్చిందని నేనాగితే ఇన్నాళ్లూ నవ్వింది మీరేగా? పోనీ కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయలుదేరదాం."

"నీళ్లు దొరకని చోటుకి వెళుతూ నీళ్ల కూజాయే పగిలితే ఎలా వెళతాం?"

సైన్సు మాస్టారి నోట శకునం మాట వచ్చాక ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఆటోని పంపేశారు. మాస్టారు అక్కకి ఫోను చేసి, కూజా చెయ్యి జారిందని చెప్పారు. "పోనీలే నాయనా. నీ కాలికేం తగల్లేదు కదా?" అంది పేరిందేవి.

ఆ మధ్యాహ్నం ఆయనకు ముద్ద దిగలేదు. నన్ను బయట పారేయలేదు కూడా. మెడ విరిగినా పొట్ట గట్టిగా ఉండటంతో మళ్లీ నా పీట మీదే పెట్టారు. రోజూ తానే నీళ్లు నింపేవారు. నింపేటప్పుడు ఆయన వేళ్లు విరిగిన అంచు దాకా వచ్చి పక్కకు తప్పుకునేవి. అది చూసి నాకు జాలేసేది. నిజం చెప్పాలంటే నా బతుకు చూసుకుని నాకూ సిగ్గేసేది. మా ఊళ్లో గుక్కెడు నీళ్ల కోసం మనుషులు కొండెక్కి దిగుతుంటే, నేను కాలువ నీళ్లు కడుపారా తాగుతూ నీడపట్టున ఉన్నాను.

మరుసటి ఏడు ఉగాది వెళ్లాక ఫోను మోగింది. మాస్టారికి వినికిడి తగ్గింది కాబట్టి అక్క మాట వసారా అంతా వినిపించింది.

"ఈసారి రావద్దులే నాయనా. ఈ ఎండలకు నీకు బాగుండదు. ఏటా అడిగి అడిగి నిన్ను ఇబ్బంది పెడతాండా. నాగప్ప కొడుకు దగ్గర ఇంకో కూజా చేయించినా. ఎవరన్నా ఆ పక్కకు వస్తే పంపుతా."

ఫోను పెట్టేశాక మాస్టారు నా పక్కన నేల మీద కూలబడ్డారు. రమ్మని అక్క పిలిచిన ఏళ్లన్నీ ఏదో ఒక సాకుతో నెట్టుకొచ్చిన మనిషికి, రావద్దన్న మాట తగలరాని చోట తగిలింది. హైమవతి కంగారుపడి నీళ్లు తెచ్చింది. అప్పుడు చెప్పారాయన.

"అక్క పెళ్లి కుదిరే ముందు నాన్న నన్ను ఆ ఊరు చూసి రమ్మన్నాడు హైమా. ఎండాకాలం నీళ్ల సంగతి అడిగి రా అని మరీమరీ చెప్పాడు. నేను వెళ్లింది కార్తీకంలో. వానలు పడి ఊరంతా పచ్చగా ఉంది. కొండ మీద రాతిలో నీళ్ల దోన ఉంటుంది, అది అంచుదాకా నిండి ఉంది. ఆ గట్టున కూర్చోబెట్టి నాకు నేతి ఓళిగలు, అదే మన బొబ్బట్లు, పెట్టారు. తిన్నాను. సాయంత్రం రైలు అందుకోవాలన్న తొందర. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి, బోలెడు నీళ్లున్నాయి నాన్నా అని చెప్పాను. ఆ ముక్క మీదే పెళ్లి చేశాడు."

"అయితే ఇన్నేళ్లూ మీరు భయపడింది ఎండకి కాదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "కూజా కూడా నేనే కొట్టాను" అన్నారు.

హైమవతి కొంగుతో ముఖం తుడుచుకుని, "లేవండి. ఉల్లిపాయలు ఏరండి" అంది.

ఈసారి ప్రయాణం సన్నాహమంతా మాస్టారే చేశారు. పేపరు ముట్టుకోలేదు. నా విరిగిన మెడకు తడిగుడ్డ కట్టి, తానే ఎత్తుకున్నారు. విరిగిన కూజాతో ప్రయాణమేమిటండీ అని ఎదురింటావిడ అంటే, "ఇది రాకపోతే నేనూ వెళ్లలేను" అన్నారు. రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి గుండ్ల మధ్య నడిచాం. గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వచ్చింది. మాస్టారి ముఖం కందిపోయింది. నా ఒళ్లు మాత్రం ఆ పొడిగాలికి జిల్లుమంది. పుట్టినూరు గాలి కదా, నా ఉద్యోగం అక్కడ బాగా సాగుతుంది.

పేరిందేవి గుమ్మంలోకి వచ్చి చూసింది. ఎండిన చేతులు, నెరిసిన జుట్టు. తమ్ముణ్ని చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె చూపు నా మీద పడింది.

"చెయ్యి జారలేదక్కా. నేనే కొట్టాను" అన్నారు మాస్టారు, కాళ్లకు నీళ్లైనా పోసుకోకుండానే.

ఆమె పడీపడీ నవ్వింది. "బడికి పోనని పలక పగలగొట్టుకుంటాంటివి. నా పలక నీ చేతికిచ్చి పంపిస్తాంటిని. ఏం మారలేదు నువ్వు!"

ఆ నవ్వుకు ఆయన తల ఇంకా దిగిపోయింది. ఇంకో సంగతి చెప్పాలని నోరు తెరిచారు. ఆమె వినకుండా బిందె అందుకుంది. ఊళ్లోకి కుళాయి వచ్చింది గానీ ఎండాకాలం బోరు ఎండిపోతుంది, అప్పుడు దోనే గతి. "పద, నీళ్లకు పోదాం. కూజా కూడా తీసుకో" అంది.

హైమవతిని ఇంట్లో నీడపట్టున కూర్చోబెట్టి, కాలే బండ మీద అక్కాతమ్ముళ్లిద్దరూ ఎక్కారు. అంచుదాకా నిండిన దోనను చూసిన మనిషి, ఈసారి మెట్లు దిగి, ఇంకా దిగి, అడుగుదాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ రాతి పగులులోంచి ఊరే నీళ్లు ఒక మూల చేరతాయి. కొబ్బరిచిప్పతో తోడాలి, మళ్లీ ఊరేదాకా ఆగాలి, మళ్లీ తోడాలి. పేరిందేవి పైమెట్టు మీద కూర్చుంది. మాస్టారే చిప్ప పట్టారు. బిందె సగమయ్యేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆమె చెంగు అడ్డం పెట్టి ఆ నీళ్లను వడగట్టి నాలో పోసింది. నీడలో నన్ను ఒక రాతికి ఆనించి, తమ్ముడి పక్కన కూర్చుంది. నేను నా పని నేను చేసుకుంటూ విన్నాను.

"అప్పుడు నాన్నకు చెప్పినావు కదా" అంది మెల్లగా. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. "ఇప్పుడు నాకు చెప్పు. మా ఊరు ఎట్లుంది?"

మాస్టారు చిప్ప కింద పెట్టారు. "నీళ్లు లేవక్కా" అన్నారు. "అప్పుడే అడిగి రావాల్సింది. తిని వచ్చేశాను."

పేరిందేవి అవునన్నట్టు తల ఊపింది. ఇన్నేళ్లు ఆమె పిలిచింది ఈ ఒక్క మాట కోసమేనని నాకు అప్పుడు తెలిసింది. నన్ను ఎత్తి, విరిగిన వైపు అవతలకు తిప్పి, తమ్ముడి దోసిట్లో నీళ్లు వంచింది. "తాగు. చల్లబడినాయి" అంది.

వెళ్లేటప్పుడు కొత్త కూజా వాళ్లతో తెనాలి వెళ్లింది. నేను ఇక్కడే ఉండిపోయాను. నా మెడలో మిగిలిన ముక్కను పేరిందేవి రాయితో మెల్లగా తట్టి తీసేసి, నన్ను ఇంటి ముందు గుండు మీద పిట్టలు నీళ్లు తాగడానికి పెట్టింది. కొత్తగా చూసినవాళ్లు నన్ను కుండ అనుకుంటారు. అనుకోనీ, నాకేం నామోషీ లేదు.

ఎండలు ముదిరాక రోజూ సాయంత్రం తెనాలి నుంచి ఫోను వస్తుంది. పేరిందేవి నా పక్కనే గుండు మీద కూర్చుని మాట్లాడుతుంది. అన్నం తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని కాదు, మాస్టారి మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"అక్కా, దోనలో నీళ్లు ఏమాత్రం ఉన్నాయి?"