గులాబీ రంగు రేడియేటర్

ఎవేలియో కారు పొంగింది. ఒక్క చుట్టు తిప్పి చూసుకొస్తానని బయల్దేరినవాడు వీధి మలుపు దాకా పోయి, ఆవిరి కక్కుతూ వెనక్కొచ్చి ఇంటి ముందు ఆపాడు.

ఆ రోజు మనవరాలు యాదిరాకు పదిహేనేళ్లు నిండాయి. సాయంత్రం గౌను వేసుకుని, టాపు లేని ఆ పాత అమెరికా కారులో నిలబడి, సముద్రపు గట్టు వెంట నడక వేగంతో ఊరేగాలి. సియెన్‌ఫ్వేగోస్ ఊళ్లో పదిహేనేళ్ల ఊరేగింపు జరగని పిల్ల గురించి ఆమె పెళ్లి దాకా చెప్పుకుంటారు. రేపు చూద్దామంటే కుదరదు. గౌను అద్దెది. చీకటి పడితే ఇంకో పిల్ల ఒంటి మీదికి పోతుంది.

బానెట్ ఎత్తి ఉంటే ఆ వీధి మగవాళ్లకు తిండి సయించదు. కాఫీ కప్పులతో సహా వచ్చి చుట్టూ మూగారు. ఎవేలియో పెళ్లాం కసిల్దా గుమ్మంలో కుర్చీ వేసుకుని చుట్ట ముట్టించింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ మనిషిని చూస్తూనే ఉంది. ఆమెకు తొందర లేదు.

"థర్మోస్టాట్, పెద్దాయనా! ఇంజన్‌ని వెచ్చగా ఉంచేదాంతో ఈ ఎండల్లో పనేంటి? పీకి పారెయ్," అన్నాడు బస్సు నడిపే విల్‌ఫ్రేదో.

పీకి పారేశారు. మళ్లీ మరిగింది.

"లోపలెక్కడో కారుతోంది. గుడ్డు తెల్లసొన పొయ్యండి, గట్టిపడి కన్నం మూసేస్తుంది," అన్నాడు మంగలి ఒరెస్తెస్.

"కారితే కింద తడేదిరా? నేల పొడిగా ఉందిగా," అంది కసిల్దా.

"వదినా, ఇదేమన్నా వంటా?"

"కాదనే చెబుతున్నా. గుడ్లు అడిగేది నువ్వు."

రేషన్లో వచ్చిన గుడ్లు ఇంజన్లోకి పోయాయి. మళ్లీ మరిగింది. మూడో ఆయన, జన్మలో సైకిలైనా కొననివాడు, చావు పలకరింపుకి వచ్చినట్టు మొహం పెట్టి, "హెడ్ గాస్కెట్ పోయింది," అన్నాడు. అందరూ తలలూపారు. తెలియని సంగతికి తలూపడం ఆ వీధిలో తేలిక.

యాదిరా గౌను వేసుకుని బయటికొచ్చింది. ఆవిరి చూసింది. "పోనీలే అమ్మమ్మా, నడిచే వెళ్తా," అంది.

అప్పుడు లేచింది కసిల్దా.

"నిన్న సంతకి పోయొచ్చాం. మరిగిందా?"

"లేదు," అన్నాడు ఎవేలియో.

"మరి ఇంతలో దీన్నేం చేశావు?"

"ఏం చేస్తాను? ముస్తాబు చేశా, అంతే."

"ఇంజన్ స్టార్ట్ చెయ్యి."

ఆమె కారు ముందుకు పోయి చుట్ట గట్టిగా పీల్చి, మెరుస్తున్న జాలీ మీదికి పొగ వదిలింది. వెనక ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొగను లోపలికి లాగెయ్యాలి. లాగలేదు. పొగ జాలీ దాకా పోయి తిరిగి ఆమె మొహానికే వచ్చింది. వంగి చూసింది. రేడియేటర్ సన్నటి రేకుల మధ్య గాలి పోయే సందులన్నీ పూడిపోయి, సున్నం కొట్టిన గోడలా నున్నగా ఉంది. గులాబీ రంగు. యాదిరా గౌను రంగు.

"ముక్కులో ముద్ద కుక్కి ఊపిరి పీల్చమంటే ఎట్లా పీలుస్తుందయ్యా ఇది?"

"జాలీ సందుల్లోంచి నల్లగా కనబడితే ఫొటో బాగుండదని..."

"ఎన్ని పూతలు?"

"రెండు." ఆమె చూపు తప్పించి, "మూడు," అన్నాడు.

"నేను ముందే అనుకున్నా," అన్నాడు విల్‌ఫ్రేదో.

"అనుకుని థర్మోస్టాట్ పీకావా?"

ఆ పెయింట్ గీకాలంటే రెండు రోజుల పని. మగవాళ్లు ఒక్కొక్కరూ కప్పులు సర్దుకుని జారుకోబోయారు.

"ఎక్కడికి?" అంది కసిల్దా. "నడక వేగమేగా, ఇంజన్ దేనికి? నోరు పెట్టినవాళ్లంతా వచ్చి చెయ్యి పెట్టండి."

సాయంత్రం కారు సముద్రపు గట్టు మీదికొచ్చింది. యాదిరా నిలబడి చెయ్యి ఊపుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు. వెనక విల్‌ఫ్రేదో, సొన మరకల చొక్కాతో ఒరెస్తెస్, సైకిలైనా లేని ఆయన ఒగరుస్తూ తోస్తున్నారు. ఎవేలియో టోపీ పెట్టుకుని స్టీరింగ్ పట్టుకుని, దొరలా హారన్ కొడుతున్నాడు. పక్కన నడుస్తున్న పెళ్లాం వైపు వంగాడు.

"చూశావా కసిల్దా, ఇంత దూరం వచ్చాం, ఒక్క చుక్కయినా పొంగిందా?"

కసిల్దా చుట్ట పీల్చి అతని మొహం మీదికి పొగ వదిలింది.